పదకొండు ఆదివారాల నీలిమందు

చెన్నకేశవులు బడిపంతులు. పిల్లలకు ఎక్కాలు చెప్పడం అయ్యాక అతని మనసంతా లోహాల మీదే. ఇంట్లోనే తగరం కరిగించాడు, సీసం కరిగించాడు, ఒకసారి కనుబొమలు కూడా కాల్చుకున్నాడు. ఇక పాదరసం పట్టి తీరాలన్నది అతని పంతం.

పెన్న ఒడ్డున లతీఫ్ షా బాబా అనే ఫకీరు ఉండేవాడు. దర్గా కలశాలకూ గుడి శిఖరాలకూ పాదరసంతో బంగారు పూత వేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. పంతులు ఆదివారం ఆదివారం వెళ్లి ఆయన దగ్గర కూర్చునేవాడు.

"బాబా, ఒక్క బుడ్డి పాదరసం ఇప్పించండి. ఇంట్లో చేసి చూసుకుంటాను. జాగ్రత్తలన్నీ నాకు తెలుసు."

"ఇంట్లో ఎవరెవరున్నారు పంతులూ?"

"మా తులశమ్మ, ఎనిమిది నెలల పాప."

బాబా లోపలికి వెళ్లి ఒక పొట్లం తెచ్చాడు. విప్పి చూస్తే బట్టలకు పెట్టే నీలిమందు.

"ఇదే పాదరసం అనుకో. సాయంత్రం దాకా నూరు. నీకు తెలిసిన జాగ్రత్తలన్నీ పాటించి ఇంటికి పో."

పంతులుకు చిన్నతనంగా అనిపించింది. అయినా నూరాడు. మూతికి గుడ్డ కట్టుకున్నాడు, మూడుసార్లు చేతులు కడిగాడు, గోళ్ల సందులు పుల్లతో గీకాడు. ఎక్కడా ఇంత మరక కూడా కనిపించలేదు.

ఇంటికి చేరగానే పాప రెండు చేతులూ చాచింది. ఎత్తుకున్నాడు. పాప అతని కండువా కొస నోట్లో పెట్టుకుని చప్పరించింది. తులశమ్మ వచ్చి చూసి కెవ్వుమంది. పాప పెదవులు నీలంగా ఉన్నాయి.

ఇదే పాదరసమైతే అనుకున్నాడు పంతులు. ఆ పూట ముద్ద దిగలేదు.

ఇంకొకరైతే అంతటితో మానుకునేవారు. మన పంతులు మొండిఘటం. మళ్లీ ఆదివారం పొద్దున్నే బాబా ముందు నిలబడ్డాడు.

"ఇంకో పొట్లం ఇవ్వండి."

ఆ రోజు పని బట్టలు అక్కడే విడిచి వెళ్లాడు. తులశమ్మ గుమ్మంలోనే ఆపి తడిగుడ్డతో తుడిచింది. చెవి వెనక నీలం. పై వారం తలస్నానం చేసి వెళ్లాడు. చెప్పుల అడుగున నీలం. ఆ పై వారం మొలతాడుకు నీలం.

"మీకు పాదరసం దొరికేలోపు నా పాత చీరలన్నీ తడిగుడ్డలైపోతాయి," అంది తులశమ్మ.

పదకొండో ఆదివారం గుడ్డ తెల్లగా వచ్చింది. పంతులు దాన్ని మడతపెట్టి తీసుకెళ్లి బాబా ముందు పరిచాడు.

బాబా గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపలికి వెళ్లి బుడ్డి తెచ్చి అతని ముందు పెట్టాడు.

పంతులు చెయ్యి చాచి, మధ్యలో ఆగాడు.

"నీలమైతే తడిగుడ్డ పట్టిస్తుంది. దీని ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు. అది ఇంట్లోకి వచ్చిందని ఎలా తెలుస్తుంది బాబా?"

బాబా తన కుడిచెయ్యి అతని ముందుకు చాచాడు. వేళ్లు వణుకుతున్నాయి. ఊళ్లో అందరూ ముసలితనం అనుకునేవారు.

"ఇలా తెలుస్తుంది," అన్నాడు. "ముప్పై ఏళ్లకు."

పంతులు చాలాసేపు ఆ చేతినే చూశాడు. భయం వేసింది, నిజంగానే భయం వేసింది. పంతం మాత్రం పోలేదు. బుడ్డిని మెల్లగా బాబా వైపు జరిపాడు.

"ఇది మా గడప తొక్కదు బాబా. ఇక్కడే, మీ కళ్లెదుటే పాక వేసుకుంటాను."

"వేసుకో," అన్నాడు బాబా. "గాలి ఆడాలి, గోడలు మాత్రం కట్టకు."