ఓబులేసు అడిగిన కూలి

అనగనగా ఒక ఊళ్ళో ఒకే ఒక్క మంచినీళ్ళ బావి ఉండేది. ఊరి పేరు నాపరాళ్ళపల్లె. పేరుకి తగ్గట్టే అక్కడ ఎక్కడ తవ్వినా రాయే. పన్నెండు నిలువుల లోతు, అంటే పన్నెండు మంది మనుషుల ఎత్తంత, తవ్వితే గానీ ఆ బావిలో నీళ్ళు పడలేదట. పైనుంచి వంగి చూస్తే అడుగు కనపడదు. నల్లగా, నోరు తెరుచుకుని ఉన్నట్టుండేది. పిల్లల్ని ఆ దరిదాపులకి రానిచ్చేవాళ్ళు కాదు. నువ్వు ఇంకొంచెం దగ్గరికి జరుగు. ఆ, అలాగ.

ఒక ఎండాకాలం ఆ బావి అడుగంటింది. చేద వేస్తే బురద వచ్చేది. ఆ బురదకి ఏదో పాడు కంపు. అడుగున పేరుకున్న పూడిక తీస్తే గానీ ఊరికి గుక్కెడు నీళ్ళు లేవు.

అప్పుడు ఊరిపెద్ద సుంకిరెడ్డి పక్క ఊరినుంచి ఓబులేసుని పిలిపించాడు. ఓబులేసు బావులు బాగుచేసే మనిషి. బక్కపలచగా ఉంటాడు. భుజాన ఒక లావుపాటి మోకుతాడు, చేతిలో ఒక బుడ్డిదీపం, అంతే అతని సామాను.

వచ్చి బావిలోకి తొంగి చూశాడు. వాసన చూశాడు. చిన్న రాయి విసిరి చెవి ఒగ్గి విన్నాడు. ఆ తర్వాత, "ఈ పొద్దు దిగను రెడ్డీ. మూడు రోజులు బావికి గాలి పట్టించాల. నాలుగోనాడు దిగతా. కూలి నాలుగు బస్తాల జొన్నలు" అన్నాడు.

పొద్దున మన కొళాయి బాగుచేసినాయన కూలి చెప్తే మీ నాన్న కళ్ళు ఇంతింత చేశాడే, అచ్చం అలాగే సుంకిరెడ్డీ కళ్ళు పెద్దవి చేశాడు.

"ఒక్కపూట మట్టి తోడేదానికి నాలుగు బస్తాలా? మా ఊరి కూలోడికి రోజుకి రెండు శేర్లు! ఎవరు తోడినా మట్టి మట్టే కదా?"

"నేనడిగేది మట్టికి కాదు రెడ్డీ" అన్నాడు ఓబులేసు. ఇంకేమీ చెప్పకుండా మోకు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు సుంకిరెడ్డి మాదన్నని పిలిచాడు. మాదన్న ఆ ఊరి కూలీ. కండలు తిరిగిన మనిషి, పొద్దస్తమానం పార పట్టినా అలుపు లేదు. నాలుగు శేర్లిస్తామంటే సంబరంగా ఒప్పుకున్నాడు. అతని పెళ్ళాం తిక్కమ్మ మాత్రం చెయ్యి పట్టుకుని, "ఆయప్పే దిగనన్నాడంట, నువ్వెందుకు దిగేది?" అంది. మాదన్న నవ్వి చెయ్యి విడిపించుకున్నాడు. నడుముకి తాడైనా కట్టుకోలేదు. రాళ్ళ సందుల్లో కాళ్ళు పెట్టుకుంటూ దిగాడు.

ఒక నిలువు దిగాడు. పాట పాడుతున్నాడు. నాలుగు నిలువులు దిగాడు. పాట ఆగింది. ఇంకొంచెం దిగాడో లేదో, ధబ్బుమని చప్పుడు.

తిక్కమ్మ వంగి, "ఏమయ్యా!" అని పిలిచింది. ఆమె గొంతే ఆమెకి తిరిగొచ్చింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిస్తే లోపలినుంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది. బావి మధ్యలో ముందుకి పొడుచుకొచ్చిన బండ ఒకటుంది. మాదన్న దానిమీద పడ్డాడు.

మాదన్న తమ్ముడు లచ్చన్న, "అన్నా!" అంటూ దిగబోయాడు. రెండు నిలువులు దిగేసరికి కళ్ళు తిరిగాయి. ఎలాగో పైకి ఎగబాకితే పైవాళ్ళు జుట్టు పట్టి లాగారు. పెదాలు నల్లబడి, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తున్నాడు. దాంతో ఇంకెవ్వరూ ముందుకి రాలేదు. ఊరు ఊరంతా బావి చుట్టూ నిలబడి ఉంది, కానీ ఒక్క మనిషి కూడా కదల్లేదు.

తిక్కమ్మ పరుగెత్తింది. మాడిపోయే రాళ్ళ మీద వట్టి కాళ్ళతో పరుగెత్తింది. ఓబులేసు ఇంకా ఊరు దాటలేదు, ఊరి చివర పాక నీడలో సద్ది తింటున్నాడు. తిక్కమ్మ రొప్పుతూ బావివైపు వేలు చూపించింది. ఓబులేసు ముద్ద అక్కడే వదిలేసి ఆమెకంటే ముందు పరుగెత్తాడు.

వస్తూనే దిగుతాడనుకున్నారు. దిగలేదు. బుడ్డిదీపం వెలిగించి తాడుతో కిందికి వదిలాడు. మూడు నిలువులు పోగానే దీపం గుప్పున ఆరిపోయింది.

"లోపల చెడ్డగాలి నిండింది. దీపం బతకని చోట మనిషీ బతకడు" అన్నాడు.

వేపమండలు కొట్టించాడు. పెద్ద మోపుగా తాడుకి కట్టి, గాలి కదిలేలా బావిలో పైకీ కిందికీ ఆడించమన్నాడు. అందరూ తలా ఒక చెయ్యి వేశారు. ఆ తర్వాత మళ్ళీ దీపం వదిలాడు. ఐదు నిలువుల దగ్గర ఆరిపోయింది.

"దిగు సామీ, నా మొగుడు పోతాండాడు!" తిక్కమ్మ అతని కాళ్ళ మీద పడింది.

"పది బస్తాలిస్తా, దిగు!" అని సుంకిరెడ్డి కేక.

"ఇప్పుడు దిగితే ఇద్దరం పోతాం. మండలు ఆపొద్దండి!" అని అరిచాడు ఓబులేసు.

అప్పుడు లోపలి మూలుగు కూడా ఆగిపోయింది.

మూడోసారి దీపం వదిలాడు. మూడు నిలువులు. ఐదు. ఏడు. దీపం సన్నగా అయింది, వణికింది. ఆరలేదు.

ఓబులేసు నడుముకి మోకు కట్టుకున్నాడు. "ఒకసారి గుంజితే ఆపండి. రెండుసార్లు గుంజితే వదలండి. మూడుసార్లు గుంజితే ఏమీ అడక్కుండా లాగండి" అని చెప్పి చీకట్లోకి దిగిపోయాడు.

మోకు జారుతూనే ఉంది. ఒకసారి గుంజితే ఆపారు. ఆ తర్వాత ఎంతసేపటికీ కదల్లేదు. పట్టుకున్నవాళ్ళ అరచేతులు చెమటతో తడిసిపోయాయి. ఇంక అయిపోయిందిరా అని ఎవరో గొణిగారు. సరిగ్గా అప్పుడే గుంజింది. ఒకటి. రెండు. మూడు.

లాగారు. ఓబులేసు ఒంటికి కట్టేసిన మూటలా మాదన్న పైకొచ్చాడు. నీడలో పడుకోబెట్టి మొహాన నీళ్ళు కొట్టారు. చాలాసేపటికి దగ్గు వచ్చింది. ఆ తర్వాత కళ్ళు తెరిచి, "తిక్కీ" అన్నాడు.

సుంకిరెడ్డి సిగ్గుతో తల వంచుకుని, "ఈ సంగతి ముందే చెప్పొచ్చు కదయ్యా" అన్నాడు.

"చెప్పకుండా పోవడం నా తప్పే రెడ్డీ. నువ్వు మట్టి లెక్క కట్టేసరికి మనసు విరిగింది" అన్నాడు ఓబులేసు. "మా నాయన దీపం వదలకుండా దిగినాడు. రాలేదు. ఆయన్ని తెచ్చేదానికి మా అన్న దిగినాడు. ఆయనా రాలేదు. నేను గట్టున నిలబడి చూసినా. నా పని నాకు వాళ్ళిద్దరూ అట్లా నేర్పించినారు. ఏడాదికి పది బావులు దొరికితే ఎక్కువ. మా వదినా, ఆమె బిడ్డలూ ఆ పది బావుల మీదే బతకాల."

తిక్కమ్మ మజ్జిగ ముంత తెచ్చి ఇచ్చింది. ఓబులేసు చేతులు ఎంత వణికాయంటే, మజ్జిగంతా ఒళ్ళో ఒలికిపోయింది. తిక్కమ్మ ముంత తనే పట్టుకుని, పసిపిల్లాడికి పట్టినట్టు తాగించింది.

మూడు రోజులు గాలి పట్టించి, నాలుగోనాడు ఓబులేసు పూడిక తీశాడు. కొత్తనీరు ఊరింది. సుంకిరెడ్డి పది బస్తాలు బండికెత్తించి తనే తోలుకెళ్ళాడు. ఓబులేసు నాలుగే దించుకుని, మిగతావి మాదన్న ఇంటికి పంపించమన్నాడు.

ఏంటీ, ఆయనకి భయం వెయ్యలేదా అంటావా? వేసింది బంగారం. దిగిన ప్రతి బావికీ వేసింది. భయం వెయ్యని రోజున దిగడం మానేస్తాననేవాడట.

కథ నడిచె కంచికి,
మనం చేరాం మంచానికి,
కునుకు వచ్చె కంటికి,
భయం పోయె బయటికి.