డీలియమ్మ ఇల్లు

ఊ కొట్టేవాళ్లుంటేనే చెప్తాను. మధ్యలో కునుకు తీస్తే ఊరుకోను. ఎప్పటి మాటో నాకూ తెలీదు. ఇవాళ అమెరికాలో అన్నేసి మేడలున్న షికాగో పట్నం, అప్పుడు సరస్సు ఒడ్డున ఒట్టి బురద. బండి దిగబడితే గుర్రమూ దిగబడేది.

ఆ బురదలో ఊళ్లోవాళ్ల బట్టలుతికి బతికేది డీలియమ్మ. మొగుడు పోయాడు. మిగిలింది ఆయన కట్టిన చెక్క ఇల్లొక్కటే.

జనం వచ్చారు, ఇంకా వచ్చారు, ఇంకా ఇంకా వచ్చారు. మురుగు పోయే దారి లేక రోగాలు పట్టుకున్నాయి. అప్పుడు పెద్దలు కూర్చుని ఏం తేల్చారో తెలుసా? ఊరినే పైకెత్తాలని! నవ్వకండర్రా, నిజంగానే ఎత్తారు. ఇంటి కింద వరసగా ఇనప జాకీలు పెట్టేవాళ్లు. మేస్త్రీ ఈల వేస్తే కూలీలంతా ఒకేసారి వాటిని తిప్పాలి. ఇల్లు వెంట్రుకవాసి లేచేది. లోపలివాళ్లు హాయిగా టీ తాగుతూనే ఉండేవాళ్లు. ఇల్లు లేచాక కింద గోడ కట్టి, వీధిలో మురుగు గొట్టాలు వేసి, పైన మట్టి పోసేవాళ్లు.

ఆ కూలీల బురద బట్టలన్నీ ఉతికింది డీలియమ్మే.

"కార్మక్ మేస్త్రీ, నా ఇల్లెప్పుడు ఎత్తుతావయ్యా?" అని అడిగింది.

"ముందు హోటలు కానీ డీలియమ్మా. తర్వాత నీదే."

హోటలు లేచింది. మళ్లీ అడిగింది.

"ముందు చర్చి కానీ. తర్వాత నీదే."

చర్చీ లేచింది. మళ్లీ అడిగింది.

"ముందు బట్టల కొట్టు కానీ. తర్వాత నీదే, ఒట్టు!"

మేస్త్రీ చెడ్డవాడేం కాదు. చిన్న ఇల్లు, ఒక్క పూట పని, ఎప్పుడైనా చేసేయొచ్చనుకున్నాడు. ఈలోగా వీధంతా మట్టి పోసేశారు. ఆవిడ ఇల్లు గోతిలో పడింది. కిటికీలోంచి చూస్తే జనం కాళ్లే కనపడేవి.

వానలు మొదలయ్యాయి. వీధి నీళ్లన్నీ ఆ గోతిలోకే. ఇరుగుపొరుగు వచ్చి, "మా ఇంట్లో ఉందువుగాని రా అమ్మా" అన్నారు.

"నేనొచ్చేస్తే మీకు నా ఇల్లు గుర్తుంటుందా?" అంది.

వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనక్కి వెళ్లారు.

తడి నేల మీదే పడుకుంది. జ్వరం వచ్చింది, దగ్గు ముదిరింది. వాన తెరిపిచ్చాక మేస్త్రీ జాకీలు మోయించుకుని వచ్చి తలుపు కొట్టాడు. పలికితేగా! అయ్యో, ఏం మనుషులమని ఆ గోతిలోనే కూలబడి ఏడ్చాడు.

అయినా ఇల్లెత్తారు. ఈల వేయబోతే మేస్త్రీకి పెదవులు కలవలేదు. కూలీలే ఒకరి మొహాలొకరు చూసుకుంటూ తిప్పారు. నిజంగానే ఒక్క పూట పట్టింది.

ఆ వీధిలో ఇప్పటికీ మంచు ఎత్తినా, కాలవ తవ్వినా, అన్నిటికంటే చిన్న ఇంటి దగ్గరే మొదలుపెడతారట. ఎవరైనా పెద్ద మేడ వైపు నడిస్తే ముసలివాళ్లు పార లాక్కుంటారట.

"అలా చేయబట్టే ఒక మనిషిని చంపుకున్నాం" అంటారట.