కిటికీ మూల రహస్యం

అనకాపల్లిలో కనకారావు అనే ఆయన ఉండేవాడు; కర్రతో బంతులను గుంటల్లోకి కొట్టే పూల్ ఆటలో తనంతటివాడు లేడని ఆయన గొప్ప, కానీ మేడమీది సొంత బల్ల దాటి ఇంకెక్కడా ఆయన కర్ర పట్టిన పాపాన పోలేదు.

ప్రతి ఆదివారం భార్య హైమావతితో పందెం. ఓడినవాళ్ళు వారమంతా గిన్నెలు తోమాలి. పాపం, హైమావతి తోముతూనే ఉండేది.

బల్ల అంచుల వెంట గుడ్డ కింద రబ్బరు కుషన్ ఉంటుంది. బంతి దానికి తగిలి వెనక్కి వస్తుంది. కిటికీ వైపు మూలలో మాత్రం ఆ రబ్బరు ఎండి గట్టిపడింది. అక్కడ తగిలిన బంతి చచ్చినట్టు ఆగిపోయేది. ఆ సంగతి తెలిసిన కనకారావు బంతి ఆగాలనుకున్నప్పుడే అటు కొట్టేవాడు, లేకుంటే ఆ మూలను తప్పించేవాడు. భార్యకు మాత్రం, "అటు కొట్టు హైమా, సులువు," అని ఉదారంగా సలహా ఇచ్చేవాడు. ఎలా గెలుస్తున్నారని అడిగితే, "అనుభవం!" అనేవాడు.

ఒక ఆదివారం ఓడిపోయాక హైమావతి వంటింట్లోకి వెళ్ళలేదు. బంతిని చేత్తో దొర్లిస్తూ బల్ల చుట్టూ తిరిగింది. అన్నిచోట్లా "ధబ్" మన్నది. కిటికీ మూలలో "టక్" మన్నది.

"ఏమండీ, ఇక్కడ బంతి వెనక్కి రాదేం?"

"బంతికి మాత్రం అలసట ఉండదా?"

"ఈ ఒక్క మూలకొచ్చేసరికే అలసిపోతుందా?"

మర్నాడే ఆమె కొత్త రబ్బరు తెప్పించింది. తమ్ముడు చిట్టిబాబును పిలిచి, పానా పట్టుకుని బల్ల కిందికి దూరింది.

కనకారావు పరుగున వచ్చాడు. "ఎందుకే ఈ తిప్పలు? వయసొస్తే ఎవరైనా కాస్త గట్టిపడతారు. నన్ను మార్చేశావా?"

"మిమ్మల్ని విప్పడానికి బోల్టులు లేవుగా! కాస్త టార్చి పట్టండి."

పట్టాడు. తన ఓటమికి తానే వెలుగు చూపించాడు. గుడ్డ ఊడదీసి లాగితే పాత రబ్బరు సాగలేదు, జంతికలా కరకరా విరిగింది. కొత్తది అతికించి, గుడ్డ బిగించి, బోల్టులు వేసేసరికి అక్కాతమ్ముళ్ళ చేతులనిండా జిగురే.

ఆదివారం వచ్చింది. కనకారావు అలవాటుగా, అక్కడే ఆగుతుందని బంతిని కిటికీ మూలకు కొట్టాడు. బంతి హుషారుగా వెనక్కి వచ్చి ఆయన లెక్కలన్నీ చెరిపేసింది. చివరికి పడకూడని తెల్లబంతే గుంటలో పడి, ఆయన ఆట ఓడిపోయాడు.

"బావా, అనుభవం ఎటు పోయింది?" అన్నాడు చిట్టిబాబు.

ఆ రాత్రి గిన్నెలు తోముతూ కనకారావు నసిగాడు. "హైమా, ఆ మూల సంగతి నాకు ముందే తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసు. ఆ రోజు నేను బంతి దొర్లిస్తుంటే మీరు బంతిని చూడలేదు, నా మొహం చూశారు."

గిన్నెలయ్యాక కనకారావు మేడెక్కాడు. బంతిని కుషన్‌కేసి మెల్లగా దొర్లించాడు. అది ఎటు తిరిగి వస్తుందో మొదటిసారి వంగి, వింతగా చూశాడు. మళ్ళీ దొర్లించాడు.

ఎదుటివారికి తెలియని లోపాన్ని అడ్డం పెట్టుకుని గెలిచేవాడికి గెలుపే దక్కుతుంది, ఆట రాదు. ఆ లోపం సరిచేసిన రోజున ఆ గెలుపూ మిగలదు.