కంటి బస్సు లైట్లు

కాకినాడలో బస్సు బాడీలు కట్టే ఒక షెడ్డులో వీరభద్రం అనే కరెంటు మేస్త్రి ఉండేవాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే కాని, తనకు చిన్న అక్షరాలు కనపడటం లేదన్న సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఒప్పుకునేవాడు కాదు. అతనికి నలభై ఎనిమిదేళ్ళు. కొత్త సామాను ఏదైనా వస్తే, దాని మీద రాసింది చదవకుండా చేతిలోకి తీసుకుని బరువు చూసేవాడు. "ఇది చాలు" అనేవాడు. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడికి చీటీలు చదివే అవసరమేమిటని నవ్వేవాడు. చాలాసార్లు అతను అన్నట్టే సరిపోయేది కూడా.

ఆ ఏడాది ఒక ధర్మాసుపత్రి వాళ్ళు పాత బస్సు ఒకటి తెచ్చి, దాన్ని కంటి పరీక్షల బస్సుగా మార్చమన్నారు. లోపల నాలుగు ఎల్ఈడీ లైటు పట్టీలు, డాక్టరు కుర్చీ దగ్గర ఒక పరీక్ష దీపం పెట్టాలి. బస్సు బ్యాటరీల నుంచి వచ్చేది ఇరవై నాలుగు వోల్టులు. లైట్లకు అంత పనికిరాదు. అందుకని మధ్యలో వోల్టులు తగ్గించే కన్వర్టర్ పెట్టె ఒకటి బిగించాలి. వీరభద్రం అలమారలోంచి బరువుగా ఉన్న పెట్టె తీసి బిగించేశాడు. స్విచ్ వేస్తే లైట్లన్నీ ధగధగా వెలిగాయి. రెండు నిమిషాలు చూసి ఆపేశాడు.

వారం తిరగకుండానే రంపచోడవరం అవతల కొండల్లో మొదటి శిబిరం పెట్టారు. బస్సులో లైట్ల పని కొత్తది కదా అని డ్రైవర్ మస్తాన్ వీరభద్రాన్ని కూడా వెంట తీసుకెళ్ళాడు. వాళ్ళు చేరేసరికే అరవైమందికి పైగా వచ్చి కూర్చున్నారు. లచ్చమ్మ అనే ముసలావిడ మనవరాలి భుజం పట్టుకుని తెల్లవారుజాము నుంచీ నడిచి వచ్చింది. ఆవిడకు రెండు కళ్ళూ మసకే. మొదటి చీటీ ఆవిడదే.

డాక్టర్ సుగుణ కిటికీ తెరలు మూయించి లైట్లు వేయించింది. లచ్చమ్మ గడ్డం ఆనించి కూర్చుంది. పది నిమిషాలకు లైట్లన్నీ ఆరిపోయాయి. కాసేపటికి వెలిగాయి, మళ్ళీ ఆరాయి. కన్ను చూద్దామని డాక్టరు వంగినప్పుడల్లా చీకటే.

లైట్లే నాసిరకం అన్నాడు వీరభద్రం. కన్వర్టర్ మీద ఏం రాసి ఉందో ఒకసారి చూడమని మస్తాన్ చెప్పినా వినలేదు. ఇరవై నాలుగు వోల్టులకు పనిచేసే పట్టీలూ ఉంటాయి, ఇవీ అలాంటివే అయ్యుంటాయి, తగ్గించిన వోల్టులు చాలక ఆరిపోతున్నాయనుకున్నాడు. ఒక పట్టీని ఊడదీసి నేరుగా బ్యాటరీ తీగలకు కలిపాడు. అది ఒక్కసారి తెల్లగా మెరిసి, పొగ కక్కి, మాడిపోయింది.

బయట జనం లేచి నిలబడ్డారు. కొందరు చెప్పులు వేసుకుంటున్నారు. లచ్చమ్మ మాత్రం కుర్చీ దిగలేదు.

"నేను మళ్ళీ అంత దూరం నడవలేను బాబూ. కాసేపు కూర్చుంటాలే, నువ్వు చూడు" అంది.

ఆ మాటకు వీరభద్రానికి సిగ్గుతో తల వంగిపోయింది. "మేడమ్, తప్పు లైట్లది కాదు. ఆ కన్వర్టర్ మీద రాసింది నాకు కనపడదు. నాలుగేళ్ళుగా కనపడటం లేదు" అన్నాడు.

డాక్టరు తన సామాను పెట్టెలోంచి దగ్గరచూపు కళ్ళజోళ్ళు రెండు మూడు తీసి, ఒకదాని తర్వాత ఒకటి పెట్టించింది. మూడోది పెట్టగానే అక్షరాలు నల్లగా, నిలకడగా నిలబడ్డాయి. వీరభద్రం టార్చి పట్టుకుని లైట్ల మీదా కన్వర్టర్ మీదా రాసింది గట్టిగా చదివాడు. లైట్లన్నిటికీ కావలసింది పన్నెండు వోల్టులు. కన్వర్టర్ ఇచ్చేదీ పన్నెండే. అక్కడ తేడా లేదు. ఇక కరెంటు. పట్టీకి రెండు ఆంపియర్ల చొప్పున నాలుగింటికీ ఎనిమిది, పరీక్ష దీపానికి ఒకటి, మొత్తం తొమ్మిది. కన్వర్టర్ ఇవ్వగలిగింది ఐదే. మోయలేని బరువు మీద పడి అది వేడెక్కి ఆగిపోతోంది, చల్లారాక మళ్ళీ మొదలవుతోంది.

లోపం తెలిశాక అతని చేతులకు అడ్డే లేదు. మిగిలిన మూడు పట్టీల్లో రెండు విప్పేశాడు. ఒక పట్టీ, పరీక్ష దీపం, అంతే ఉంచాడు. మూడు ఆంపియర్లే. కన్వర్టర్ పెట్టెకు ఇంకా ఊపిరి మిగిలింది. దాని చుట్టూ గాలి ఆడేలా మూత తీసేసి, స్విచ్ వేశాడు.

దీపం వెలిగింది. పది నిమిషాలైంది, అరగంటైంది, రెప్ప కూడా వేయలేదు. చెప్పులు వేసుకున్నవాళ్ళు తిరిగి వచ్చి వరసలో కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికల్లా అరవై మూడుమందినీ డాక్టరు చూసేసింది. ఆపరేషన్‌తో కంటి పొరలు తీయించుకోవలసిన పద్దెనిమిదిమంది పేర్లలో లచ్చమ్మ పేరు మొదటిది. ఆపరేషన్ అయ్యి నెల తిరిగేసరికి ఆవిడ ఎవరి భుజమూ పట్టుకోకుండా సంతకు నడిచి వెళ్ళింది.

షెడ్డుకు వచ్చాక వీరభద్రం లైట్లన్నిటి లెక్కా కూడి, దానికి మించి మోయగల పదిహేను ఆంపియర్ల కన్వర్టర్ బిగించాడు. మాడిన పట్టీ బదులు కొత్తది పెట్టాడు. రోజంతా వెలిగించి, గంటకోసారి చెయ్యి పెట్టి వేడి చూశాడు. తర్వాతి శిబిరానికి అయిదు దీపాలతో ఆ బస్సు కొండ ఎక్కింది. ఆ ఏడాదిలో అది ఇరవై ఊళ్ళు తిరిగింది, ఎక్కడా లైటు ఆరలేదు. ఆ పని చూసి ఆసుపత్రి వాళ్ళు ఇంకో రెండు బస్సులు వీరభద్రానికే అప్పగించారు.

మనలోని లోపాన్ని దాచుకుంటే మనల్ని నమ్ముకున్నవాళ్ళు చీకట్లో పడతారు; ధైర్యంగా ఒప్పుకుంటే దాన్ని సరిదిద్దుకునే దారి కనిపిస్తుంది.