తరంగిణి కన్న పిల్లలు

మీ తాతలకు తాతలు పసిపిల్లలుగా ఉన్న రోజుల్లో, హేమగిరి రాజ్యాన్ని కేయూరవర్మ అనే రాజు పాలించేవాడు. ఆయన గుర్రపుశాలలో తరంగిణి అనే నల్లని ఆడగుర్రం ఉండేది. పరుగులో దానిని మించిన గుర్రం ఆ రాజ్యంలోనే లేదు.

ఒకనాడు వేటలో పులి రాజు వెంటపడింది. తరంగిణి రాజును వీపున మోస్తూ పెద్ద వాగును ఒక్క దూకులో దాటింది. రాజు బతికాడు. కానీ అవతలి గట్టున బండరాయి తగిలి తరంగిణి ముందుకాలు విరిగింది. వైద్యులు కట్టు కట్టారు. ఎముక అతికింది గాని, నడకలో కుంటు మిగిలిపోయింది.

ఈ సంగతి తెలిసి గుర్రాల వర్తకుడు పుష్కరసెట్టి వచ్చాడు. కుంటిదానికి కుంటిపిల్లలే పుడతాయని, దానిని వెళ్ళగొట్టి తన గుర్రాలను కొనమని రాజుకు నూరిపోశాడు. రాజు ఎటూ తేల్చుకోలేకపోయాడు. అప్పటికే తరంగిణి కడుపుతో ఉంది. రాజు మునుపు సెట్టి దగ్గర కొన్న నల్లని మగగుర్రమే దాని జోడు.

తరంగిణి కుంటుతూనే రాజు ఎదుటికి వచ్చి, తలెత్తి నిలబడింది.

"ప్రభూ, ఈ కాళ్ళు నా తల్లి ఇచ్చింది. ఈ కుంటు బండరాయి ఇచ్చింది. నా తల్లి ఇచ్చినది నా పిల్లలకు ఇస్తాను. బండరాయి ఇచ్చినది నాతోనే ఉంటుంది."

రాజు మనసు కరిగింది. పిల్లలు పెరిగి పరుగెత్తేదాకా చూద్దామన్నాడు.

మొదటి పిల్ల పుట్టింది. నుదుట తండ్రి తెల్లచుక్క, కిందికి చూస్తే చక్కని నాలుగు కాళ్ళు. పెరిగాక కుంటుతుంది చూడండని సెట్టి అన్నాడు. అది పెరిగింది, గాలిలా పరుగెత్తింది.

రెండో పిల్లకు తల్లి పొడుగు కాళ్ళు, తండ్రి వెడల్పు రొమ్ము వచ్చాయి. అదీ కుంటలేదు. అదంతా తన మగగుర్రం గొప్పేనని సెట్టి ఊరంతా చాటుకున్నాడు.

మూడో పిల్ల పుట్టిన రోజున శాలంతా నివ్వెరపోయింది. తల్లీ నలుపే, తండ్రీ నలుపే. పిల్ల మాత్రం ఇటుకలా ఎర్రగా ఉంది.

"ఇది తరంగిణి పిల్ల కాదు ప్రభూ, ఎవరో మార్చేశారు" అన్నాడు సెట్టి.

తరంగిణి పిల్లను నాకుతూ నెమ్మదిగా అంది. "నా తల్లి ఎరుపు. ఆ రంగు నాలో కనిపించకుండా దాగి ఉంది. అయితే నా ఒక్కదాని వల్లే ఇది బయటపడదు, తండ్రి వైపునా ఉండి తీరాలి. మీ మగగుర్రాన్ని కన్న తల్లిది ఏ రంగు, సెట్టిగారూ?"

సెట్టి మాట దాటవేయబోయాడు. రాజు గద్దించి అడిగేసరికి, అదీ ఎరుపేనని ఒప్పుకున్నాడు.

ఎర్రపిల్ల కూడా ఎదిగాక, దసరాకు గుర్రప్పందేలు జరిగాయి. సెట్టి తన మేలిరకం గుర్రాలన్నింటినీ దింపాడు. తరంగిణి పిల్లలు మూడూ దిగాయి. అన్నిటికంటే ముందు ఎర్రపిల్ల గీత దాటింది. దాని వెనుకే అన్నలిద్దరూ దాటారు. సెట్టి గుర్రాలు దుమ్ములో మిగిలాయి.

రాజు గద్దె దిగి వచ్చి, తరంగిణి నడకకు తన నడక కలిపి, ఊరేగింపుకు ముందు నడిచాడు. దారి పొడవునా జనం చూస్తున్నారు. కుంటే ఆ కాలును దాచుకోవాలని ఆ రోజు తరంగిణికి ఒక్కసారైనా అనిపించలేదు.

పిల్లలూ, కన్నవారు పుట్టుకతో తెచ్చుకున్నదే బిడ్డలకు అందుతుంది గాని, నడుమ తగిలిన గాయం అందదు. అందుకే గాయాన్ని చూసి ఎవరినీ, వారి బిడ్డలనూ తక్కువగా తూచకూడదు.