కాలి కింద పూరేడు

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. చెప్పులు విడిచినచోటే ఉన్నాయి. కథ మధ్యలో "అదెలా కుదురుతుంది?" అని నోరు తెరిస్తే మాత్రం, ఆ నోట్లో ఏ ఈగ దూరినా పూచీ లేదు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా తూర్పు కొండ లేచొచ్చి పడమటి కొండ పక్కన కూర్చోవాలి. వెళ్ళి చూసుకోండి, ఎక్కడి కొండ అక్కడే ఉంది.

ఒకప్పుడు పూరేడు పిట్ట రెక్కలకు చప్పుడే లేదు. గాలికి దూదిపింజ లేచినట్టు లేచేది, నీడ జారినట్టు జారిపోయేది. పైగా మహా పిరికిది. చేనుకు ఈ చివర మనిషి దగ్గితే చాలు, ఆ చివరనుంచి ఎగిరిపోయేది. గూడుంటే గూడు వదిలేసి, గుడ్లుంటే గుడ్లు వదిలేసి పోయేది. తిరిగొచ్చి చూసుకునేసరికి ఆ గుడ్లు ఏ ముంగిస పొట్టలోనో ఉండేవి. పాపం, ఏడాదేడాదీ అదే ఏడుపు.

ఆ కాలంలో సుంకన్న అనే వేటగాడు ఉండేవాడు. వేటగాడంటే వీడూ వాడూ కాదు. జంతువుకు తెలియకుండా దాని పక్కకు చేరడంలో అంతటివాడు ముందు పుట్టలేదు, తరువాతా పుట్టలేదు. దుప్పి పక్కన పొంచి ఉన్నప్పుడు తుమ్ము వచ్చిందనుకోండి, దుప్పి తుమ్మేదాకా బిగబట్టుకుని, సరిగ్గా దానితోపాటే తుమ్మేవాడు. దుప్పి తన తుమ్మే గట్టిగా వచ్చిందనుకుని మళ్ళీ గడ్డి మేసుకునేది. కొంగ ఒంటికాలి మీద కునుకు తీస్తుంటే, దాని రెండో కాలు అలసిపోకుండా తను పట్టుకునేవాడు. చేలో పందికొక్కులు పడితే బొక్క పక్కన బోర్లా పడుకునేవాడు. తల బయటపెట్టిన పందికొక్కునల్లా చెవి పట్టుకుని, బడి ఎగ్గొట్టిన పిల్లాణ్ణి ఈడ్చినట్టు ఈడ్చేవాడు.

సుంకన్నకు ఒక కట్టుబాటు ఉంది. వాళ్ళ నాయన నేర్పింది. ముట్టుకోనిదే కొట్టకూడదు. ముందు జంతువు ఒంటి మీద చెయ్యి వెయ్యాలి, ఆ తరువాతే బల్లెం ఎత్తాలి.

"దూరం నుంచి విసిరేది వేటా? అది గాలికి పోట్లు పొడవడం!" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

ఆ కట్టుబాటుకు ఇంకో తోక కూడా ఉంది. గుడ్ల మీద కూర్చున్న పిట్టనూ, కడుపుతో ఉన్న జంతువునూ వేలితో కూడా తాకకూడదు.

అంత దగ్గరికి ఎలా వెళ్ళేవాడంటారా? ఎద్దుచాటున. బూడిదోడని ఆయనకొక ఎద్దు ఉండేది. బూడిద రంగు, కొండంత పొట్ట, ఆ పొట్టకు తగ్గ ఆకలి. ఎద్దు మేసుకుంటూ ముందుకు నడుస్తుంటే, సుంకన్న నడుం వంచి దాని పొట్ట పక్కన నడిచేవాడు. తల పైకెత్తకూడదు. ఎడమచెయ్యి ఎద్దు ఒంటి మీద, చూపు నేల మీద. బల్లెం ఎద్దు వీపు మీద తాడుకు కట్టి ఉంటుంది. అడవిలో జంతువులు "ఎద్దే కదా" అనుకుని ఊరుకునేవి. ఆ ఎద్దుకు ఆరు కాళ్ళెందుకున్నాయని ఏదీ లెక్కపెట్టుకోలేదు.

అలా అన్నింటినీ ముట్టుకున్నాడు గాని, పూరేడు పిట్టను మాత్రం ముట్టుకోలేకపోయాడు. దగ్గరికి వెళ్ళడం మాట అటుంచండి, దాని కళ్ళు ఏ రంగువో కూడా ఆయనకు తెలియదు.

ఇదిలా ఉండగా సుంకన్న జొన్నచేలో ఒక అడవిపంది పడింది. పందంటే పందా! పడుకుంటే గుట్ట, లేస్తే గుడిసె. కోరలు చూస్తే కొలిమిలోంచి అప్పుడే తీసిన కొడవళ్ళు. పండిన కంకుల్ని నములుతుంటే ఆ చప్పుడు ఊళ్ళోకి వినిపించేది.

సుంకన్న భార్య ఉరుకుందమ్మ రొట్టెల పెనం బోర్లించి వాకిట్లో పెట్టింది.

"ఏమయ్యా, దుప్పితో కలిసి తుమ్మిన మొగోడివి! చేను సగం పంది తినేసింది. మిగతా సగం కూడా పోతే ఏడాదంతా నీ కోతలే వడ్డించనా?"

"రేపే దాన్ని ముట్టుకుంటాను, చూస్తుండు."

"ముట్టుకోవడం సరే, కొట్టడం మాటేమిటి?"

"ముట్టుకున్నాక కొట్టడమెంతసేపే!"

"కంకులు ఇంటికొచ్చిన రోజే ఈ పెనం తిరగేస్తాను. అప్పటిదాకా నీ మీసాలు నువ్వే నమిలి తిను," అంది ఉరుకుందమ్మ.

మర్నాడు పొద్దున్నే సుంకన్న బూడిదోణ్ణి తోలుకుని చేనుకు పోయాడు. ఆ పొద్దున పొగమంచు ఎలా ఉందంటే, కొడవలి పెట్టి కోసి మోపు కట్టుకోవచ్చు. తన చెయ్యి తనకు కనబడక, ఉందో లేదోనని సుంకన్న గిల్లి చూసుకున్నాడు. చేనుగట్టు మీద ఒక ఈతచెట్టు ఉంది. దాని మీద కల్లుగీసే ఈడిగ నడిపెన్న కూర్చుని కుండ దించుతున్నాడు. నిండిన కుండ ఒకటి అప్పటికే చెట్టు మొదట్లో పెట్టి ఉంది.

సుంకన్న నడుం వంచాడు. ఎడమచెయ్యి ఎద్దు పొట్ట మీద వేశాడు. చూపు నేల మీద పెట్టి జొన్నల్లోకి దూరాడు.

కొంచెం దూరం పోయాక బూడిదోడి ముక్కుకు తియ్యగా, పుల్లగా ఒక వాసన తగిలింది. ఎద్దు మెల్లగా పక్కకు తప్పుకుంది. సుంకన్న చెయ్యి గాలిలో తడిమి, తడిమి, మళ్ళీ ఒక పొట్ట మీద పడింది.

"హమ్మయ్య, ఇక్కడే ఉన్నావా?" అనుకుని నడక సాగించాడు.

నాలుగడుగులు వేశాక ఆయనకు అనుమానం వచ్చింది.

"ఏరా బూడిదోడా, ఒళ్ళు ఇంత గరుగ్గా ఉందేమిరా? మొన్ననే కదరా వాగులో తోమాను!" అన్నాడు గుసగుసగా.

"హుం," అని వినిపించింది.

"జలుబు చేసిందా నాయనా? ఇంటికి పోయాక మిరియాల కషాయం పోస్తాలే."

"హుం. హుం. కొంచెం కిందకి గోకు."

సుంకన్న గోకాడు. ఎద్దు ఎప్పుడు మాట్లాడినా తిండి గురించే మాట్లాడేది. ఈ రోజు గోకుడు అడిగింది, పోనీలే అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఈతచెట్టు మీదనుంచి నడిపెన్న కేక వేశాడు.

"ఓ సుంకన్న మామా! నీ ఎద్దుకు బుద్ధి చెప్పు! నా కల్లుకుండలో మూతి పెట్టి జుర్రేస్తోంది!"

"నోర్మూసుకోరా అల్లుడా! నా ఎద్దు నా పక్కనే ఉంది. ఇదిగో, గోకుతున్నా!"

నడిపెన్న పైనుంచి మంచులోకి వంగి చూశాడు. చూసి, రెండు చేతులతో చెట్టును వాటేసుకున్నాడు.

"మామా, నువ్వు గోకేదానికి కొమ్ములున్నాయేమో ఒకసారి చూడు."

సుంకన్న జీవితంలో మొదటిసారి వేటలో తల పైకెత్తాడు. కొమ్ములు లేవు. వీపు మీద బల్లెం లేదు. నల్లటి వెంట్రుకలు చీపురుపుల్లల్లా నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు చెయ్యి తీస్తే ఒక చిక్కు, తియ్యకపోతే ఒక చిక్కు. సుంకన్న గోకుతూనే ఉన్నాడు. ఆయన మీసాలకు కూడా చెమట పట్టింది.

పంది ముక్కు ఎగరేసింది. "ఏమిటీ వాసన? పొగాకు! మా వాళ్ళలో చుట్ట అలవాటు ఎవరికీ లేదే!" అని గిర్రున తిరిగింది.

ఇద్దరి ముఖాల మధ్య జానెడు ఎడముంది. ఆ జానెడులోనూ సగం పంది కోరలే ఉన్నాయి.

"ఓహో, సుంకన్నా!" అంది పంది. "నిన్ను గురించి అడవంతా చెప్పుకుంటుంది. ముట్టుకోనిదే కొట్టవట కదా. ముట్టుకున్నావు, గోకావు కూడా. ఇక కొట్టు మరి!"

"బల్లెం... ఎద్దు మీద ఉంది," అన్నాడు సుంకన్న.

"ఎద్దు?"

"తాగుతోంది."

పంది పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ నవ్వుకు చుట్టూ మంచు చెదిరిపోయి బయలైంది. "సరే, నన్ను ముట్టుకున్నావు కాబట్టి ఇక నేను కొడతాను. కట్టుబాటు నీదే, కొట్టేది మాత్రం నువ్వే కావాలని ఎక్కడుంది?" అని, ఊపు కోసం వెనక్కి వెనక్కి నడిచింది.

పారిపోదామని సుంకన్న కాలెత్తాడు. ఆ కాలు దించబోయేసరికి కిందనుంచి ఒక సన్నటి గొంతు వినిపించింది.

"దించకయ్యా! నీకు పుణ్యముంటుంది, కాలు దించకు!"

చూస్తే, అరికాలి కింద పూరేడు పిట్ట! జీవితమంతా ముట్టుకోవాలని కలలుగన్న పూరేడు, బొటనవేలికి తగిలేంత దగ్గర! రెక్కలు పరిచి గుడ్ల మీద ఒదిగి ఉంది. కళ్ళు తేనెరంగువి.

"ఎగిరిపోవేమే? మీరు చేనుకు ఆ చివరినుంచే పోతారు కదా!"

"ఎన్నాళ్ళు పోను? ఎగిరిపోయిన ప్రతిసారీ గుడ్లు పోయాయి. ఈ రోజు లోపల పిల్లలు ముక్కుతో పొడుస్తున్నాయి. వినబడుతోంది. ఇంక కదలను. చస్తే ఇక్కడే చస్తాను."

ఆ గూడు చుట్టూ ముళ్ళకంప. పక్కకు పెట్టడానికి చోటు లేదు, వెనక్కి పెడితే పందికే ఎదురు. కాలు దించితే గుడ్లు చితుకుతాయి, దించకపోతే పంది వస్తుంది.

"మామా, దూకు! దించి దూకు!" అని పైనుంచి నడిపెన్న అరిచాడు.

"గుడ్ల మీద ఉందిరా అల్లుడా!"

"గుడ్లు పిట్టవి, ప్రాణం నీది! అత్తకు నేనేం చెప్పేది?"

"మా నాయన మాట దాటలేదని చెప్పు!"

అని, కొంగలా ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్నాడు సుంకన్న. ఆ మూసుకున్న కళ్ళ ముందు వాకిట్లో బోర్లించిన పెనం కనబడింది.

పంది ఉరికింది. నేల అదిరింది. జొన్నచేను రెండుగా చీలింది. పూరేడు ఒకసారి పైనున్న అరికాలిని చూసింది, ఒకసారి వస్తున్న కోరల్ని చూసింది. ఈ కాలు పడిపోతే గూడు పోతుంది. ఆ పంది వచ్చినా గూడు పోతుంది. పిట్టకు పుట్టినప్పటినుంచీ ఉన్న భయమంతా, పోయిన గుడ్ల తాలూకు ఏడుపంతా, ఒక్కసారిగా రెక్కల్లోకి వచ్చింది. పంది ముక్కు తగిలే ఆఖరి క్షణం దాకా ఆగింది. ఆగి, రెక్కలు కొట్టింది.

భుర్ర్ర్ర్ర్ర్!

అది రెక్కల చప్పుడు కాదు. కుమ్మరి వాళ్ళ కుండల బండి కొండమీదనుంచి దొర్లినట్టు ఉంది. నడిపెన్న తలపాగా ఎగిరి పక్క ఊరి చెట్టు మీద పడింది. మిగిలిన పొగమంచు పటుక్కున పగిలి కింద రాలింది. ఆ మోత ఎక్కడ పేలింది? సరిగ్గా పంది ముక్కు మీద!

"అమ్మో, నేల పగిలింది!" అని పంది నాలుగు కాళ్ళూ గాలిలోకి లేపి, అక్కడే వెనక్కి తిరిగి, వచ్చిన దారి పట్టింది. వాగు దాటింది, గుట్ట దాటింది, ఆ అవతలి గుట్ట కూడా దాటింది. ఎక్కడ ఆగిందో చూసినవాళ్ళు లేరు. ఆ చేను వైపు దాని తోక కూడా మళ్ళీ తిరగలేదు.

సుంకన్న ఒక కన్ను తెరిచాడు. కోరలు లేవు. రెండో కన్ను తెరిచాడు. పంది లేదు. తన పొట్ట తడుముకుని చూసుకున్నాడు. ఉంది, ఎక్కడా చిల్లు పడలేదు. కాలిని మెల్లగా, మెల్లగా వెనక్కి తీసి, గూటికి ఇవతల పెట్టి, చతికిలబడి, గుండెలో ఉన్న గాలంతా వదిలాడు.

"హమ్మయ్యా..."

ఆ ఊపిరికి పక్కనున్న జొన్నకంకులన్నీ తలలూపాయి.

అప్పుడు టిక్కున ఒక పెంకు పగిలింది. ఇంకొకటి, ఇంకొకటి. వేరుశనక్కాయంత పిల్లలు, నెత్తిన పెంకుల టోపీలతో, సుంకన్న వేళ్ళ మధ్యనుంచి పరుగులు పెట్టాయి. పూరేడు దిగివచ్చి వాటిని రెక్కల కిందకు తీసుకుంది.

"సుంకన్నా," అంది. "దూరంనుంచే ఎగిరిపోయినన్నాళ్ళూ పోగొట్టుకున్నాను. కాలు మీద పడేదాకా కూర్చున్న రోజు దక్కించుకున్నాను. నా పిల్లలకు ఇదే నేర్పుతాను."

"నేర్పు తల్లీ. కాని నీ రెక్కలు?"

పూరేడు రెక్క ఆడించి చూసింది. భుర్రుమంది. ఆ దెబ్బకు ఈకలు బిరుసెక్కి, ఇక మెత్తబడలేదు.

"ఉండనీ," అని నవ్వింది పిట్ట. "రేపు నువ్వే వేటకొచ్చినా ఈ మోత విని ముందు వెనక్కి దూకుతావు. తరువాత హమ్మయ్య అంటావు. నువ్వు హమ్మయ్య అనేలోపల నేను గట్టు దాటేస్తాను!"

"వేలెడంత లేవు, నాతోనే వేళాకోళమా!" అని సుంకన్న కూడా పకపకా నవ్వాడు.

ఆ సాయంత్రం మిగిలిన సగం చేను కంకులు ఇంటికి చేరాయి. ఉరుకుందమ్మ కథంతా వింది. వాకిట్లోకి పోయి పెనం తిరగేసి పొయ్యి మీద పెట్టింది. మొదటి రొట్టె మొగుడికి వేసి, రెండో రొట్టె తుంచి, ఆ ముక్కలు చేనుగట్టు మీద చల్లి వచ్చింది.

అప్పటినుంచే పూరేడు పిట్ట మనం ఎంత దగ్గరికి వెళ్ళినా కదలదు. కాలు మీద పడబోయేదాకా మట్టిలో మట్టిలా కూర్చుని, ఆఖరి క్షణంలో భుర్రుమని లేస్తుంది. ఎంతటి వేటగాడైనా సరే, ఆ మోతకు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, పిట్టే కదా అని హమ్మయ్య అంటాడు. అప్పటికి పూరేడు గట్టు దాటేసి ఉంటుంది.

ఇప్పటికీ సాక్షి కావాలంటారా? ఎద్దును అడగకండి, ఆ పొద్దున అది తాగి ఉంది. అంతా పైనుంచి కళ్ళారా చూసినవాడు, ఆ తలపాగా కోసం పక్క ఊరి చెట్టెక్కినవాడు ఒకడున్నాడు. పోయి అడగండి. పేరు ఈడిగ నడిపెన్న.