అక్కాతమ్ముళ్ల దుంపల దిబ్బ

అనగనగా ఒక అడవిలో, వాగు అవతలి గట్టున, గౌరమ్మ అనే ఏదుపంది ఉండేది. ఏదుపందంటే తెలుసుగా పిల్లలూ, ఒళ్లంతా ముళ్లే. వాళ్లమ్మ పోతూ పోతూ ఒక దుంపల దిబ్బ వదిలి వెళ్లింది.

గౌరమ్మకి ఆ దిబ్బంటే ప్రాణం. చిన్నప్పుడు అమ్మ తనకీ, తమ్ముడు సింగన్నకీ దుంప తవ్వడం నేర్పింది అక్కడే. "కింద భాగం తినండర్రా. తీగ ఉన్న తలని మళ్లీ పాతెయ్యండి, వచ్చే వానకి ఊరుతుంది" అనేది. తల పాతాక ముగ్గురూ మట్టి తొక్కేవాళ్లు. సింగన్న తొక్కుతూ తొక్కుతూ అమ్మ మీద పడేవాడు. వాడి ముళ్లు గుచ్చుకుంటే అమ్మ తిడుతూనే నవ్వేది. ఎంత మంచి రోజులో అవి.

పెళ్లయ్యాక సింగన్న అత్తారి కొండకి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకి తిరిగొచ్చి, "అక్కా, దిబ్బలో నా వాటా ఇచ్చెయ్" అన్నాడు.

గౌరమ్మకి ఒళ్లు మండింది. "ఇన్నాళ్లూ కాపలా కాసింది నేను. ఇప్పుడొచ్చి వాటా అంటావేంట్రా?" అంది.

తగవు ఎలుగుబంటి పెద్దాయన దగ్గరికి వెళ్లింది.

మొదటి వాయిదాకి ఆయన, "సాక్ష్యం ఏదీ?" అని అడిగాడు. ఇంకేముంది, సింగన్న పరుగున వెళ్లి అమ్మ పాతిన తలలన్నీ పెరికి తెచ్చి పెద్దాయన ముందున్న బండ మీద పోశాడు. "ఇవి అమ్మ నాటినవి. నేను అమ్మ కొడుకుని" అన్నాడు.

రెండో వాయిదాకి గౌరమ్మ పంతానికి పోయింది. తను పాతినవి పెరకబోతుంటే అమ్మ గుర్తొచ్చి కాలు ఆగింది. 'తీర్పు రాగానే మళ్లీ పాతేస్తాలే' అనుకుని అన్నీ పెరికేసింది.

మూడో వాయిదా ఎంతకీ రాలేదు. పెద్దాయన తేనె వెతుక్కుంటూ కొండల్లోకి వెళ్లిపోయాడు. ఎండాకాలమంతా తలలు బండ మీదే ఎండుతూ ఉన్నాయి. చివరికి ఆయనొచ్చి, "చెరిసగం పంచుకోండి" అని తీర్పు చెప్పాడు.

అక్కాతమ్ముళ్లు తలలు మోసుకెళ్లి పాతారు. వానలొచ్చాయి. అడవంతా తీగలు పాకాయి. దిబ్బ మీద మాత్రం ఒక్క మొలకా రాలేదు.

గౌరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నీ సగం ఏదో చూసుకోరా తమ్ముడూ" అంది.

"ఏ సగమైతే ఏముందక్కా" అన్నాడు సింగన్న, తలెత్తకుండా.

నీతి: ఆస్తి కోసం తగవు పడితే పడొచ్చు గానీ, ఆ తగవుకి ఆస్తినే మేత వెయ్యకూడదు.